ఆకుల రంగు పావడాలు

మేడమీద గది, కిటికీ పక్క మంచం

వదినకి,

కాలు దిండ్ల మీదకి ఎత్తిపెట్టి, ఒళ్లో పళ్లెం బోర్లించి, దాని మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే పళ్లేన్ని తిట్టు, నన్ను కాదు.

క్యాంటీన్ మెట్ల మీద ఉడికించిన బీట్‌రూట్ గిన్నెతో సహా జారిపడ్డానని అన్నయ్య చెప్పే ఉంటారు. మిగతాది ఆయనకి తెలీదు. నా చుట్టూ ఆ ఎర్రటి నీళ్లు చూసి మా మేనేజరుగారు కళ్లు తిరిగి కూలబడ్డారు. అందరూ ఆయన మొహాన నీళ్లు చల్లి, గాలి విసిరి, ఆయన లేచాక అప్పుడు నన్ను లేపారు. మడమ దగ్గర ఎముక విరిగిందన్నారు. ఈ ఆకులు రాలే కాలమంతా నాకు మంచమే గతి.

కిటికీ ఉంది కానీ ఏం లాభం, ఎదురుగా గోడౌన్ గోడ. పొద్దున బూడిద రంగు, సాయంత్రం కూడా బూడిద రంగు. వంట మా ఆయన చేస్తున్నారు. పాపం ఎంతో కష్టపడతారు, వంక పెట్టకూడదు. అన్నం తెల్లగా ఉంటుంది, బంగాళాదుంప తెల్లగా ఉంటుంది, చివరికి క్యారెట్టు కూడా ఆయన గరిటె చూసి పాలిపోతుంది. ఇరవయ్యేళ్లుగా క్యాంటీన్లో పళ్లెం నిండా రంగులు వడ్డించినదాన్ని, నాకీ శిక్షేమిటి చెప్పు.

అందుకే ఈ ఉత్తరం. నువ్వు రంగుల మనిషివి. కొత్త కోడలిగా మా ఇంటికి వచ్చిన వారంలోనే నా ఎర్ర రిబ్బను చూసి, అది ఎరుపు కాదు, ఇటుక రంగు అని పదిమందిలో సరిదిద్దావు. అప్పుడు ఒళ్లు మండింది. ఇప్పుడు నాకు ఆ నోరే కావాలి. మీ వీధి చెట్లు, బజారు, పళ్ల బండ్లు ఏ రంగులో ఉన్నాయో రాసి పంపు. ఊరి నాట్యం ఇంకో రెండు నెలలు కూడా లేదు కదా, ఈసారీ ఆడేవాళ్ల పావడాలకి రంగు వేసేది నువ్వేనా?

మీ ఆడపడుచు

*

రంగుల షెడ్డు, పొయ్యి ఆర్పాక

కాలు విరిగినా నోరు విరగని ఆడపడుచుగారికి,

ఉత్తరం అందింది. మీ మేనేజరుగారి సంగతి చదివి మీ అన్నయ్య అన్నం ముందు కూర్చుని ఒకటే నవ్వు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. మూల మీద ఉన్న పెద్ద చెట్టు ఎర్రబడింది. బస్సు ఆగేటప్పుడు వెనక లైటు వెలుగుతుంది చూడు, ఆ ఎరుపు. దాని పక్కన చిన్న చెట్లు ఇంకా పసుపు దగ్గరే ఉన్నాయి, కొత్త బస్సుకి పక్కన గీసే గీత రంగు. బజార్లో గుమ్మడికాయలు దిగాయి. కోసి పెట్టిన ముక్క లోపల భలే ఉంది, బండి మీద మొదటి పూత పూసినప్పటి రంగు. దానిమ్మలు బాగా ఎర్రగా ఉన్నాయి. ద్రాక్ష నల్లగా ఉంది. మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే నిప్పు రంగు సరే, నిప్పు రంగే.

పావడాలు నేనే వేస్తున్నాను, ఇంకెవరున్నారు? డాన్సు టీచరు వచ్చి వెళ్లింది. ఈసారి అందరూ ఒకే రంగులో ఉండాలట. పండిన ఆకు ఎరుపు, ఒక్క పావడా కూడా తేడా రాకూడదు అని మూడుసార్లు చెప్పింది. పసిపిల్ల దగ్గర్నుంచి మనవలున్న ఆవిడ దాకా అందరూ ఆడతారు. తెల్లగుడ్డ కుట్టించి మూట కట్టి ఇచ్చింది. ఇంకా గంగాళంలో వెయ్యలేదు. తొందరేముంది.

కాలు కదపకు. క్యారెట్టు గురించి ఆయన్నేమీ అనకు, వండి పెట్టే మొగుణ్ణి ఊళ్లో ఎంతమందికి ఇచ్చాడు దేవుడు.

మీ వదిన

*

అదే మంచం, అదే గోడ

వదినా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని రోజుకి రెండుసార్లు చదువుతున్నాను. గుమ్మడికాయ దగ్గరికి వచ్చేసరికి నోరూరింది. మా ఆయన్ని పంపి తెప్పించుకున్నాను. తొక్క తీసి, ఉడికించి, మెత్తగా చేసి తెచ్చారు. అది ఎలా తెల్లబడిందో ఆ దేవుడికే తెలియాలి.

ఒక్కమాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ ఉత్తరంలో ఇన్ని బస్సులు ఎక్కడివి? నువ్వు దానిమ్మని ఉత్త ఎరుపు అని వదిలేసే మనిషివా? ద్రాక్ష నలుపంటే నా చెవి మెలిపెట్టేదానివి కదూ. నలుపులో ఎంత నీలముంది, ఎంత ఎరుపుంది అని లెక్క చెప్పేదానివి. పని ఎక్కువై అలసిపోతున్నావా?

నాకు ఆ పండిన ఆకు ఎరుపు చూడాలని ఉంది. షెడ్డులో పాత పీలికల పెట్టె ఉంటుంది కదా, అందులోంచి ఆ రంగు పీలిక ఒకటి కవర్లో పెట్టి పంపు. కిటికీకి కట్టుకుంటాను.

మీ ఆడపడుచు

*

రంగుల షెడ్డు

ఆడపడుచుకి,

మెకానిక్కుతో కాపురం చేస్తే నోట్లోకి బస్సులు కాక పడవలొస్తాయా? మంచాన పడి ఊసుపోక నా ఉత్తరాల్లో రాళ్లు ఏరుతున్నావు.

ఇదిగో పీలిక. చెట్టు మీద ఆకు సరిగ్గా ఇదే రంగు. నిరుడు వేసిన గుడ్డలోంచి మిగిలింది. కిటికీకి కట్టుకుని గోడౌన్ గోడని మరిచిపో.

చలి మొదలైంది. పొద్దున్నే పొగమంచు, చెట్లు, వీధి, బండ్లు అన్నీ కలిసిపోతున్నాయి. పావడాలు ఇంకా మూటలోనే ఉన్నాయి.

వదిన

*

మేడ మెట్ల మీద, ఎండలో

వదినా,

ఇది చదివే ముందు కూర్చో. ఎవరూ దగ్గర లేనప్పుడు చదువు.

నువ్వు పంపిన పీలిక ఎరుపు కాదు. వంకాయ రంగు. ముదురు వంకాయ. మా ఆయనకి చూపించి అడిగాను, పాలవాడికి చూపించి అడిగాను, ఇద్దరూ అదే మాట అన్నారు. వంకాయనీ పండుటాకునీ ఒకటనుకునే మనిషి మా వదిన కాదు.

ఇంకోటి. నీ అక్షరాలు కొట్టు బోర్డంత అయ్యాయి. మొదటి ఉత్తరం రెండు కాగితాలు పట్టింది, అందులో విషయం మాత్రం అరపేజీ.

ఆ బస్సు లైటు, పక్కన గీత, మొదటి పూత ఎవరి మాటలో నాకు తెలుసు. ఆయనతో కలిసి పెరిగినదాన్ని. చిన్నప్పుడు ఇంద్రధనుస్సు వస్తే అది ఎన్ని డబ్బాల పెయింటు అని అడిగిన మనిషి మా అన్నయ్య. ఆయన చెట్టు చూసి వచ్చి నీకు చెబితే, నువ్వు నాకు రాస్తున్నావు. అవునా, కాదా?

నువ్వొక్కదానివే కాదులే, నేనూ దాచాను. కట్టు విప్పేసి పది రోజులు దాటింది. కర్ర పట్టుకుని మెట్లు దిగి బజారు దాకా పోయి వస్తున్నాను. గుమ్మడికాయలు, ఆపిల్ పళ్లు, రాలిన ఆకులు అన్నీ నా కళ్లతో చూస్తున్నాను. నీకు చెబితే ఉత్తరాలు ఆపేస్తావని చెప్పలేదు. ఇప్పుడిక ఇద్దరం సమానం. నీది చెప్పు.

కంటికి ఏమైంది వదినా?

*

ఇంట్లో, వంటగది బల్ల దగ్గర

అవును.

ఈ ఒక్క మాటా రాసి నిన్నంతా ఊరుకున్నాను. నీ మీద బాగా కోపం వచ్చింది. పాలవాడి దాకా తీసుకెళ్లావా నా పరువు? తర్వాత కోపం పోయింది, ఏడుపు వచ్చింది. అది కూడా పోయాక రాస్తున్నాను.

శుక్లాలు. రెండు కళ్లలోనూ. ఎండాకాలంలోనే డాక్టరమ్మ చెప్పింది. ఆపరేషన్ చేస్తే చక్కగా కనిపిస్తుందంది. వస్తానని చెప్పి ఇంటికొచ్చి మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. నాకు భయం. కత్తి కంటి దగ్గరికి వస్తుందని తలుచుకుంటేనే కళ్లు గట్టిగా మూసేసుకుంటాను. ఇప్పుడు మసకగానైనా ఏదో కనిపిస్తోంది. వాళ్ల చెయ్యి జారి అది కూడా పోతే? చిన్నప్పటి నుంచి ఈ గంగాళం దగ్గరే బతికాను. నాకు వేరే విద్య రాదు. రంగు తెలియని రంగులావిడని షెడ్డులో ఎవరు ఉంచుకుంటారు?

నీకు ఎలా ఉంటుందో తెలీదు. అన్నిటి మీదా టీ పోసినట్టుంటుంది. తెల్లగుడ్డ టీ రంగు. నీలం లేనే లేదు, ఎక్కడికి పోయిందో. ఎరుపు, వంకాయ, గోధుమ మూడూ ఒక్క తల్లి పిల్లల్లా కలిసిపోయాయి. ఇన్నాళ్లూ పొడులు తూకం వేసి, గడియారం చూసి నెట్టుకొచ్చాను. మీ అన్నయ్యకి చెప్పక తప్పలేదు. డిపో నుంచి వస్తూ ఒక్కో చెట్టు కింద నిలబడి చూసి వచ్చి చెబుతారు. దారిన పోయేవాళ్లు ఏమనుకుంటున్నారో. నీ కోసం రంగులు కావాలంటే మరీ శ్రద్ధగా చూశారు. దానిమ్మకి మాత్రం ఆయన దగ్గర మాట దొరకలేదు.

నిన్న డాన్సు టీచరు వచ్చింది. నమూనా కోసం వేసిన గుడ్డ ఎండలో పట్టుకుని, ఇదేనా ఎరుపు అని అడిగింది. అది మెచ్చుకోలో, దెప్పో నాకు తెలియలేదు. గుడ్డ చూసి చెప్పాల్సినదాన్ని, ఆవిడ మొహం చూసి చెప్పాల్సి వచ్చింది. మొహం కూడా సరిగా కనిపించలేదు. ఇదే అన్నాను. ఆవిడ వెళ్లాక నా మీద నాకే అసహ్యం వేసింది.

పొద్దున ఆసుపత్రికి వెళ్లి వచ్చాను. ఒక్క కన్నుకి ఒప్పుకున్నాను. ఒక్కటే, రెండోది అడగొద్దు. నాట్యానికి వారం ముందు చేస్తారు. అంతవరకూ ఈ కళ్లతో గుడ్డ ముంచే ధైర్యం నాకు లేదు, తర్వాత నెల దాకా పొయ్యి దగ్గరికి, ఆవిరి దగ్గరికి పోకూడదట. అంటే పావడాలు మీ అన్నయ్య వెయ్యాలి. తూకం నేను వేసి ఇస్తాను, మిగతాది ఎలా చెయ్యాలో చెప్పాను. ఇంజన్లు విప్పి బిగించే మనిషికి నీళ్లలో గుడ్డ ముంచడం ఒక పనా అంటున్నారు. కన్ను సంగతి కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

వదిన

*

ఆసుపత్రి వరండా, బెంచీ మీద

చెల్లాయ్,

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు, నీకు తెలుసు. కానీ అర్జెంటు, మా డిపో బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను, జవాబు ఇవాళే అతని చేతికి ఇవ్వు.

ముందు మంచి సంగతి. మీ వదిన ఆపరేషన్ అయింది. పావుగంట కూడా పట్టలేదు. బయటికి వచ్చి, ఇంతేనా అని డాక్టరమ్మనే గదమాయించింది. కట్టు రేపు విప్పుతారు. నిద్రపోతోంది.

ఇప్పుడు చెడ్డ సంగతి. పావడాలు చెడగొట్టాను.

మీ వదిన చెప్పింది ఏమిటంటే, గంగాళంలో నీళ్లు మరిగించి, ఎరుపు రంగు పొడి, పసుపు రంగు పొడి, ఉప్పు వేసి, పావడాలన్నీ ఒకేసారి ముంచి, కర్రతో కలియబెడుతూ ఉండమని. నేను చూశాను. అన్నీ ఒకేసారి వేస్తే చిక్కుపడతాయి, సరిగా మునగవు అనిపించింది. డిపోలో బస్సు చక్రాల బేరింగులు కడిగేటప్పుడు మేం ఒక్కొక్కటే డబ్బాలో ముంచి తీస్తాం, అన్నీ గుమ్మరించం. అదే పద్ధతి ఇక్కడ పెట్టాను. ఒక పావడా ముంచి, బాగా పట్టాక తీసి, తర్వాతది ముంచాను. చాలా శ్రద్ధగా చేశాను చెల్లాయ్, అబద్ధం కాదు.

మొదటిది అద్భుతంగా వచ్చింది. రెండోది కాస్త తగ్గింది. మధ్యకి వచ్చేసరికి ఇటుక రంగు, ఆ తర్వాత నారింజ. చివరికి పసుపు, ఆఖరిదైతే వెన్న రంగు. ఏమైందో అర్థం కాక షెడ్డు పక్కన సబ్బులమ్మే ఆయన్ని అడిగాను. నీళ్లలో ఉన్న రంగంతా ముందు పావడాలు తాగేశాయి, వెనక వాటికి ఏం మిగులుతుంది అన్నాడు. మా బేరింగులు తాగవు మరి, నాకేం తెలుసు.

మళ్లీ వేద్దామంటే పొడి ఎంత వెయ్యాలో తెలీదు. డాన్సు టీచరు ఒకే రంగు అని మొత్తుకుంది. నాట్యం ఈ వారంలోనే. మీ వదినకి ఈ సంగతి ఎలా చెప్పను? కన్ను తెరవగానే ఇది చూస్తే ఏమవుతుంది? ఇంటి వెనక తాడు మీద ఆరేసి దుప్పటి కప్పి ఉంచాను. ఏదో ఒక ఉపాయం చెప్పు.

అన్నయ్య

*

క్యాంటీన్ వెనక గది, మళ్లీ పనిలో

అన్నయ్యా,

ఉపాయం లేదు. మన ఇంట్లో ఈ ఏడాదికి దాచింది చాలు. కళ్లు దాచింది ఆవిడ, కాలు దాచింది నేను, ఇప్పుడు నువ్వు పావడాలు దాస్తానంటున్నావు.

కట్టు విప్పిన రోజే దుప్పటి తీసేయి. ఆవిడ చూడనీ, తిట్టనీ. రంగు చూసి తిట్టగలిగితే కన్ను బాగుపడినట్టే కదా. నువ్వు మాత్రం మధ్యలో బేరింగుల ప్రస్తావన తేకు.

చెల్లి

*

ఇంటి వెనక, తాడు కింద కుర్చీలో

ఆడపడుచుకి,

అక్షరాలు చూశావా? చిన్నవి అయ్యాయి. కాగితం తెల్లగా ఉంది. ఇంత తెలుపు ఉండేదని మరిచిపోయాను.

కట్టు విప్పగానే నాకు మొదట కనిపించింది డాక్టరమ్మ మెడలో గళ్ల రుమాలు. అందులో నీలం ఉంది. ఏ నీలమో చెప్పమని అడిగింది. సాయంత్రం ఆకాశం నీలంలో చుక్క ఆకుపచ్చ వేసి, ఉప్పు తగ్గించి తీసిన నీలం అన్నాను. నర్సులు నవ్వారు. నేను ఏడ్చాను. కంటికి మంచిది కాదని తిట్టారు, అయినా ఏడ్చాను.

బయటికొచ్చి మీ అన్నయ్యని చూశాను. ఆయన జుట్టు ఎప్పుడు నెరిసింది? నాకు ఒక్కళ్లూ చెప్పలేదు. నా కళ్లకి ఆయన ఇన్నాళ్లూ గోధుమ రంగు జుట్టుతో కుర్రాడిలా తిరిగారు. కళ్ల కింద గీతలు కూడా ఉన్నాయి. సగం నా మూలంగానే అయి ఉంటాయి. దారంతా ఆయన మొహమే చూస్తూ నడిచాను. ఏమిటలా చూస్తావని సిగ్గుపడ్డారు. చెట్లవైపు చూడమని వేలు పెట్టి చూపించి, అలవాటు కొద్దీ రంగులు చెప్పడం మొదలుపెట్టారు. ఆపలేదు, చెప్పనిచ్చాను.

ఇంటి వెనకకి తీసుకెళ్లి, ముందు తిట్టు, తర్వాత చూడు అంటూ దుప్పటి లాగారు.

నేను తిట్టలేదు. ఒక్కో పావడా అంచు పట్టి చూస్తూ తాడు పొడుగునా నడిచాను. అందుకే ఆయన మరీ భయపడ్డారు. తాడు ఈ చివర నెత్తురు లాంటి ఎరుపు, ఆ చివర వెన్న. మధ్యలో ఒక్క మెట్టు కూడా తప్పకుండా అన్నీ ఉన్నాయి. ఎందుకంటే ఎరుపు పొడికి తొందరెక్కువ, అదే ముందు గుడ్డని పట్టుకుంటుంది. పసుపు నిదానం, చివరిదాకా నీళ్లలో మిగులుతుంది. ఇది నాకు తెలుసు. అలా జరగకూడదనే బతుకంతా జాగ్రత్తపడ్డాను. చెట్టు మీద ఆకులు మాత్రం ఏటా ఇదే పని చేస్తున్నాయి. ఒక్క చెట్టయినా ఒకే ఎరుపులో నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

పొడి తూకం నాకు నోటికొచ్చు. అన్నీ కలిపి మళ్లీ ముంచిస్తే ఒక్క పూటలో ఒకే రంగు అయిపోయేవి. మీ అన్నయ్య అప్పటికే పొయ్యి మీద నీళ్లు పెట్టేశారు. ఆర్పేయమన్నాను.

డాన్సు టీచరు వచ్చి మొదట నెత్తి కొట్టుకుంది. ఒకే రంగన్నాను కదా, ఇదేమిటి ఈ గోల అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని తాడు ఈ చివర నుంచి ఆ చివరికి నడిపించాను. “నా కంటికి కట్టు విప్పి పూట కాలేదు. ఈ కన్ను ఇప్పుడు తప్పు చెప్పదు. ఇవి మార్చకండి,” అన్నాను. ఆవిడ ఇంకోసారి నడిచింది. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, ఎవరు ఎవరి పక్కన నిలబడాలో గోడ మీదే రాసుకుంది.

నాట్యం నిన్న అయింది. మనవలున్న ఆవిడకి అన్నిటికన్నా ముదురు ఎరుపు, చిట్టిపిల్లకి వెన్న రంగు. వీధి పొడుగునా వరసగా నిలబడితే, ఏదో నడుస్తూ మారుతున్నట్టు అనిపించింది. డప్పు వేగం పెంచాక గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. అప్పుడు రంగులన్నీ ఒకదాంట్లోంచి ఒకటి పారాయి. పళ్ల బండ్ల వాళ్లు బేరాలు మానేసి బండ్లెక్కి చూశారు. కింద రాలిన ఆకులు పావడాల గాలికి లేచి వాళ్లతో పాటే తిరిగాయి. నేను కొత్త కన్ను మూసి పాత కంటితో చూశాను, అంతా టీ రంగు. పాతది మూసి కొత్తదాంతో చూశాను. అలా మూస్తూ తెరుస్తూ ఉంటే మీ అన్నయ్య కంట్లో ఏమైనా పడిందా అని కంగారుపడ్డారు.

నీలాగా నాకు కబుర్లు చెప్పడం రాదు కానీ ఒకటి చెబుతాను. నేను చాలా సంతోషంగా ఉన్నాను.

పొద్దున ఆసుపత్రికి వెళ్లాను. ఎవరూ పంపలేదు, నా అంతట నేనే. డాక్టరమ్మ కన్ను చూసి బాగా మానుతోందంది. రెండోదానికి తొందరేం లేదు, చలికాలం వెళ్లాక చూద్దాం, భయం తగ్గాక రండి అంది.

“చెట్ల మీద ఇంకా నాలుగాకులు ఉన్నాయండీ. అవి రాలకముందే చేసెయ్యండి,” అన్నాను.

మీ వదిన